నవల రాస్తానంటున్న మా ప్లీడరు అమ్మాయికి

చిరంజీవి చిట్టితల్లికి, పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేశాడు. దసరా సెలవులు అయ్యాక ఇక కోర్టుకు వెళ్ళవట. వకాలత్‌లన్నీ ఎవరికో అప్పగించి ఇంట్లో కూర్చుని నవల రాస్తావట. వాడి గొంతు నిండా కంగారే. నాకు మాత్రం ముందు సంతోషం కలిగింది, ఆ తర్వాత భయం వేసింది, చివర కోపం వచ్చింది. ఇంత మాట నీ నోటి నుంచి వినవలసింది వాడి నోటి నుంచి వినడం నాకు బాగాలేదు. నేను వద్దంటానని అనుకున్నావేమో. నేను వద్దనను.

ఎందుకు వద్దననో ముందు చెబుతాను. పోయిన ఏడాది సెషన్స్ కోర్టులో నువ్వు డాక్టరును క్రాస్ ఎగ్జామినేషన్ చేస్తుంటే నేను వెనక బెంచీలో కూర్చుని విన్నాను. గాయం ఎన్ని గంటల ముందుదో అడుగుతూ ఆయన్ను ఒక్కొక్క మెట్టు దించుకుంటూ వచ్చి ఒకచోట ఆగిపోయావు. ఇంకొక్క ప్రశ్న వేసి ఉంటే ఆయన సర్దుకునేవాడు. ఎక్కడ ఆగాలో తెలియడం చదువుతో రాదు. అది ఉన్న మనిషి నవల రాయగలదని ఆరోజే అనుకున్నాను. నీతో అనలేదు, అంతే.

ఇక గ్రిషమ్ సంగతి. “జాన్ గ్రిషమ్ ప్లీడరీ మానేసి నవలలు రాశాడు, ప్రపంచమంతా చదివింది” అని మీ నాన్నతో వాదించావట. వరుస తప్పు, తల్లీ. క్రాస్‌లో ఈ తప్పు చేస్తే నీ సాక్షి అక్కడికక్కడే కూలిపోయేవాడు. ఆయన ముందు ఒక నవల రాశాడు. తర్వాత ఇంకో నవల రాశాడు. ఆ రెండోది అమ్ముడుపోయాక ప్లీడరీ మానాడు.

ఆయన అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయంలో 1981లో లా పూర్తిచేసి, సౌత్‌హేవెన్ అనే ఊళ్ళో ఆఫీసు తెరిచాడు. క్రిమినల్ డిఫెన్సు, నష్టపరిహారం దావాలు. మన జిల్లా కోర్టులో ఏ మామూలు ప్లీడరైనా చేసే పనే. 1983లో రాష్ట్ర శాసనసభకు కూడా ఎన్నికయ్యాడు. 1984లో ఒకరోజు డిసోటో కౌంటీ కోర్టులో, అత్యాచారానికి గురైన పన్నెండేళ్ళ పిల్ల సాక్ష్యం చెబుతుంటే విన్నాడు. ఆ పిల్ల తండ్రి ఆ దుర్మార్గుణ్ణి చంపేసి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన ఆయనను పట్టుకుంది. ఆయన మొదటి నవల అక్కడ పుట్టింది. పొద్దున్న ఐదింటికి లేచి ఆఫీసుకు వెళ్ళి, కక్షిదార్లు వచ్చేలోగా రోజుకొక పేజీ చొప్పున రాశాడు. మూడేళ్ళు పట్టింది. ప్రచురణకర్తలు ఒకరి తర్వాత ఒకరు తిప్పి పంపారు. చివరికి ఒక చిన్న సంస్థ 5,000 కాపీలు వేస్తే, అందులో 1,000 తానే కొని కారులో వేసుకుని తిరిగి అమ్ముకున్నాడు. ఇదంతా జరుగుతున్నప్పుడు ఆయన ఇల్లు గడిచింది వకాలత్ ఫీజులతో. మొదటి నవల పూర్తయిన వెంటనే మొదలుపెట్టిన ‘ది ఫర్మ్’ సినిమా హక్కులు 6 లక్షల డాలర్లకు పోయాయి. 1991లో అది అచ్చయి, బాగా అమ్ముడయ్యే పుస్తకాల న్యూయార్క్ టైమ్స్ పట్టికలో 47 వారాలు నిలిచింది. కోర్టుకు సెలవు చెప్పింది అప్పుడు.

నువ్వు ముందుగా చెబుతున్నది ఆయన చివర చేసిన పని. నీ చేతిలో ఇంకా ఒక్క అధ్యాయం లేదు. అద్దె ఉంది, తమ్ముడి చదువు ఉంది. తెలుగు నవల మీద వచ్చిన డబ్బుతో ఇల్లు నడిపినవాళ్ళు బహు తక్కువ. నవల రాయడానికి ప్లీడరీ సనదు వదులుకోవాలని బార్ కౌన్సిల్ ఎక్కడా అనలేదు. కొత్త కేసులు తగ్గించుకో. సాయంత్రం ఆఫీసు వారంలో సగం రోజులే తెరువు. పొద్దున్న రాసుకో, ఎందుకంటే కోర్టు నుంచి వచ్చిన మనిషిలో ఇతరుల మాటలే మిగిలి ఉంటాయి.

డబ్బు ఒక్కటే అయితే నేను ఇంత రాయను. కోర్టు మానేస్తే నీ చెవి మూతపడుతుందని నా భయం. అమెరికా దాకా ఎందుకు, మన విశాఖపట్నంలోనే రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు ఉన్నారు కదా. 1922లో పుట్టి 1993లో వెళ్ళిపోయిన ఆ మహానుభావుడు ప్లీడరీ చేస్తూనే రాశారు. ఆయన తిరిగిన ఊరి కోర్టు వరండాల్లోనే నేనూ తిరిగాను కాబట్టి ఇది నాకు సొంత విషయంలా ఉంటుంది. మద్యనిషేధం రోజుల్లో సారా కేసులంటే ఏమిటో, ఎవరు కాస్తారో, ఎవరు పట్టుకుంటారో, ఎవరి చేతుల్లో ఏది మారుతుందో, చివరికి జైలుకు ఎవరు వెళతారో, ఆ లోకమంతా ఆయన ఆరు కథల్లో పెట్టారు. అందులో సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ కుర్ర ప్లీడరుతో మాట్లాడుతుంటే, లా పుస్తకాలు చదివిన మనకు తెలియని చట్టం తెలుస్తుంది. అలాంటి గొంతు ఇంట్లో కిటికీ పక్కన కూర్చుంటే దొరకదు. వాయిదాకు వచ్చి చెట్టు కింద కూర్చున్నవాళ్ళ దగ్గర దొరుకుతుంది.

ఇంకొకటి గమనించు. ఆయన మొదటి నవల ‘అల్పజీవి’ కోర్టు కథ కాదు. సుబ్బయ్య అనే చిరుద్యోగి కథ, ప్రతిదానికీ భయపడే మనిషి కథ. మన వరండాల్లో రోజూ ఎంతమంది సుబ్బయ్యలు నిలబడి ఉంటారో నీకు నేను చెప్పనక్కరలేదు. బంట్రోతు పేరు పిలిస్తే ఉలిక్కిపడతారు. తప్పు చేయనివాడు కూడా చేతులు కట్టుకుంటాడు. కోర్టు నుంచి నవలలోకి తెచ్చుకోవలసిన ఆస్తి ఆ భయాన్ని చూసిన కన్ను. ప్రతి నవలలో హత్య, వాదన, తీర్పు ఉండాలని ఏమీ లేదు.

ఇప్పుడు నిన్న రాత్రి నన్ను నిద్రపోనివ్వని మాటకు వస్తాను. “నా కక్షిదార్ల జీవితాలు ఒక్కొక్కటీ ఒక్కో నవల, కల్పించాల్సిన పనే లేదు” అన్నావట. మీ నాన్న దాన్ని మామూలుగా చెప్పేశాడు. నాకు మాత్రం ఒళ్ళు చల్లబడింది.

నేను జూనియర్‌గా ఉన్న ఆఫీసులో నాకంటే సీనియర్ ఒకాయన ఉండేవాడు. పేరు చెప్పను. ఆయన ఇప్పుడు లేడు, దుర్మార్గుడూ కాడు. మంచి ప్లీడరు, అంతకంటే మంచి రచయిత. ఒక వారపత్రికలో ఆయన నవల సీరియల్‌గా వచ్చింది. పత్రిక వచ్చిన రోజు బార్ రూములో అది చేతులు మారుతూ ఉండేది. జడ్జి గారి ఇంట్లో కూడా చదువుతారని చెప్పుకునేవాళ్ళు.

అంతకు కొన్నేళ్ళ ముందు ఆయన దగ్గరకు మనోవర్తి కేసు కోసం ఒక ఇల్లాలు వచ్చింది. మొగుడు రోజూ కొట్టేవాడు. ఇద్దరు పిల్లలు. ఒక రాత్రి ఆడపిల్లను తీసుకుని పుట్టింటికి వచ్చేసింది. రెండేళ్ళ మగపిల్లవాణ్ణి మొగుడు లాక్కున్నాడని ఊళ్ళో అందరూ అనుకున్నారు. ఆవిడ అవుననలేదు, కాదనలేదు. పిటిషన్‌లో కూడా చిన్నవాడు తండ్రి దగ్గర ఉన్నాడని మాత్రమే ఉంది. అసలు జరిగింది ఆవిడ ప్లీడరు గారికి ఒక్కరికే చెప్పింది, గుమాస్తాను బయటకు పంపమని, తలుపు వేయించి. ఇద్దరినీ ఎత్తుకుని ఆ చీకట్లో నడిచే సత్తువ లేక, నిద్రపోతున్న చిన్నవాడికి దుప్పటి సరిగా కప్పి, పెద్దదాన్ని మాత్రం భుజాన వేసుకుని బయటపడింది. కేసు గెలిచింది. మనోవర్తి వచ్చింది. కొన్నాళ్ళకు ఆ పిల్లవాడు కూడా తల్లి దగ్గరకే చేరాడు.

ఆయన నవలలో అన్నీ మార్చాడు. ఊరు సముద్రపు ఒడ్డు నుంచి గోదావరి పక్కకు వెళ్ళింది. పేర్లు మారాయి, కులం మారింది, మొగుడి ఉద్యోగం మారింది. దుప్పటి మాత్రం అలాగే ఉంచాడు. ఆ ఘట్టం అచ్చయిన వారం ఎంతమంది కళ్ళు తుడుచుకున్నారో! నిజంగా గొప్పగా రాశాడు.

ఆ పిల్లవాడు అప్పటికి ఇంటర్ చదువుతున్నాడు. తన తల్లి కేసు ఎవరు వాదించారో వాడికి తెలుసు. పత్రిక తెచ్చి తల్లి ముందు పెట్టి, “నాన్న నన్ను లాక్కున్నాడా, నువ్వు వదిలి వెళ్ళావా?” అని అడిగాడు. ఆవిడ అబద్ధం చెప్పలేకపోయింది.

ఆ తర్వాత వారం ఆవిడ ఆఫీసుకు వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. కేకలు వేస్తుందేమో అనుకున్నాను. వేయలేదు. “నా కాగితాలు ఇచ్చేయండి” అంది. ఆయన లేచి నిలబడి, పేరు మార్చానమ్మా, ఊరు మార్చానమ్మా అని ఏదో చెప్పబోయాడు. ఆవిడ వినిపించుకోలేదు. గుమాస్తా పాత కట్ట వెతికి, దుమ్ము దులిపి, కాగితాలు లెక్కపెట్టి ఇచ్చాడు. ఆవిడ సంతకం పెట్టి తీసుకుని వెళ్ళింది. కేసు ఎప్పుడో ముగిసింది, ఆ కాగితాలతో ఆవిడకు పని లేదు. అవి ఆయన దగ్గర ఉండకూడదు, అంతే.

ఆయన ఆ నవలను పుస్తకంగా రానివ్వలేదు. తర్వాత ఏమీ రాయలేదు. ఇప్పటికీ నాకు ఆయన మీద కోపమే. ఎందుకంటే అంతటి చెయ్యి ఉన్నవాడికి ఆ దుప్పటికి బదులు ఇంకొకటి కల్పించడం కష్టం కాదు. ఒక్క పూట కూర్చుంటే తట్టేది. చేతికి అందింది కదా అని తీసుకున్నాడు. ఒక తల్లికి కొడుకు దగ్గర తల ఎత్తుకోలేని రోజు వచ్చింది, మన భాషకు రావలసిన నాలుగైదు మంచి నవలలు రాకుండా పోయాయి.

గ్రిషమ్ ఏం చేశాడో మళ్ళీ చూడు. ఆ పిల్ల తరఫున ఆయనకు వకాలత్ లేదు. ఆయన విన్నది ఆఫీసు గదిలో తలుపులు వేసుకుని కాదు, ఎవరైనా వచ్చి కూర్చోగల కోర్టు హాలులో. రాసింది కూడా విన్నదాన్ని కాదు. తండ్రి చేసిన హత్యను, దాని విచారణను, ఆ ఊరిని తానే కల్పించాడు. జరగని విషయాన్ని రాశాడు కాబట్టే ధైర్యంగా రాయగలిగాడు. మన దగ్గర అయితే ఆయన ఆ సాక్ష్యం వినేవాడు కూడా కాదు. అత్యాచారం కేసుల విచారణ మన చట్టం ప్రకారం తలుపులు మూసే జరగాలి. బాధితురాలు ఎవరో తెలిసేలా అచ్చువేస్తే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. నువ్వు అలాంటి కేసులు చేశావు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పాత సాక్ష్య చట్టం 126వ సెక్షన్ మా తరానికి కంఠస్థం. 2024 జూలై 1 నుంచి మీకు అది భారతీయ సాక్ష్య అధినియమంలో 132వ సెక్షన్ అయింది. కక్షిదారు వృత్తిరీత్యా నీకు చెప్పిన మాట, వారి అనుమతి లేకుండా నీ నోటి నుంచి బయటకు రాకూడదు. కేసు ముగిసినా, వకాలత్ తీరిపోయినా ఆ బాధ్యత తీరదని చట్టమే చెబుతోంది. నవల అని పేరు పెట్టినంత మాత్రాన ఆ తలుపు తెరుచుకోదు. పెండింగ్ కేసుల జోలికి అసలు పోకు. పరువునష్టం సెక్షన్ నీకు నేను చెప్పాలా?

మరి ఏం రాయాలి అంటావు. ఆ ఇల్లాలి నుంచి నువ్వు తీసుకోగలిగేది, తనను తాను క్షమించుకోలేని మనిషి ఎలా కూర్చుంటుందో, ఎక్కడ మాట ఆపేస్తుందో. ఆవిడ ఏం చేసిందో నీది కాదు. ఒక ఘట్టం రాశాక, ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని గట్టిగా చదవగలవా అని ఆలోచించు. చదవలేనంటే చింపేసెయ్. బాగా వచ్చిన పేజీ అయితే మరీ ముందు చింపు.

మిగతావన్నీ చిన్న విషయాలు. రోజూ రాయి. కళ్ళు పరీక్ష చేయించుకో. నలుగురికీ ముందే చెప్పుకోకు. సినిమాల కోర్టు రాయకు. మన జడ్జీల చేతిలో సుత్తి ఉండదు, సాక్షి గీత మీద చెయ్యి వేయడు. మనకు జ్యూరీ లేదు కాబట్టి, పన్నెండుమంది ముందు నిలబడి కన్నీళ్ళు తెప్పించే ఉపన్యాసం మన ప్లీడరుకు అతకదు. మన కోర్టులో ఉన్నది వేరే, అది చాలా లోతైనది. సాక్షుల్ని కళ్ళారా చూసిన జడ్జికి బదిలీ అయిపోతుంది. తర్వాత వచ్చినాయన కాగితం మీది వాంగ్మూలం చదివి తీర్పు రాస్తాడు. సమాధానం చెప్పే ముందు సాక్షి ఎవరి వైపు చూశాడో, కండువా కొస ఎలా నలిపాడో ఆ కాగితంలో ఉండదు. సాక్షి తీరు గురించి జడ్జి వ్యాఖ్య రాయవచ్చని చట్టంలో ఉంది, రాసేవాళ్ళు తక్కువ. ఒక మనిషి జైలుకు వెళ్ళడమా, ఇంటికి వెళ్ళడమా అన్నది తనను చూడని మరో మనిషి చేతిలో ఉంటుంది. నాకు రాయడం వచ్చి ఉంటే ముందు ఇదే రాసేవాణ్ణి.

ప్లీడర్లు రాసే కథల్లో నాకు కనిపించే జబ్బు ఒకటి ఉంది. అన్నీ రుజువు చేసేస్తారు. ప్రతి పాత్రా ఎవరో ఒకరి తరఫున సాక్ష్యం చెబుతూ ఉంటుంది. నీ నవలలో అవతలి పక్షం వాడికి కూడా ఆకలి వేయాలి, వాడి కూతురికి జ్వరం రావాలి. ఆ సెషన్స్ కేసులో ఆగినట్టే ఇక్కడ కూడా ఆగు. చివరి ప్రశ్న పాఠకుడికి వదిలెయ్.

ఆఖరి విషయం, ఇది సలహా కాదు, నా మాటగా చెబుతున్నాను. గ్రిషమ్ పేరు తలచుకున్నావు కనుక ఇది కూడా తెలుసుకో. అంత పేరూ డబ్బూ వచ్చాక, కోర్టు మానేసి ఐదేళ్ళయ్యాక, 1996లో ఆయన మళ్ళీ కోర్టుకు వెళ్ళాడు. రెండు రైలు పెట్టెల మధ్య నలిగి చనిపోయిన ఒక రైల్వే కార్మికుడి కుటుంబానికి, ప్లీడరీ మానకముందు ఆయన మాట ఇచ్చి ఉన్నాడు. నెలల తరబడి రాత పక్కన పెట్టి, కేసు తయారుచేసుకుని, వాదించి, 6,83,500 డాలర్ల పరిహారం ఇప్పించాడు. ఆయన ప్లీడరు జీవితంలో అదే అతి పెద్ద తీర్పు. ఆయన నవలలన్నిటి కంటే నాకు ఆ సంగతే ఎక్కువ ఇష్టం.

నీ దగ్గర ఆ ఆటో డ్రైవరు భార్య కేసు ఉంది. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో సాక్ష్యాల దశలో ఉందని నువ్వే చెప్పావు. అతని సంపాదనకు కాగితం లేదని ఆటో స్టాండులో ఒక్కొక్కరినీ అడుగుతూ తిరిగావు. అంతా తెలిసిన మనిషి ఇప్పుడు వెళ్ళిపోతే, కొత్త ప్లీడరు మొదటి నుంచి ఆవిడ చేతే మొగుడి చావు మళ్ళీ చెప్పిస్తాడు. ఒప్పుకున్న కేసును తగిన కారణం లేకుండా, ముందుగా చెప్పకుండా వదలకూడదని బార్ కౌన్సిల్ నియమం ఎలాగూ ఉంది. నియమం లేకపోయినా నువ్వు వదలకూడదు. మిగతావి నీ ఇష్టం వచ్చినవాళ్ళకు అప్పగించు, తీసుకుని పని చేయని ఫీజు తిరిగి ఇచ్చెయ్. ఈ ఒక్క వకాలత్ మాత్రం తీర్పు వచ్చేదాకా నీ దగ్గరే ఉండాలి.

మీ నాన్నతో నేను మాట్లాడతాను. వాడికి నవలంటే భయం కాదు, నువ్వు వేళకు తినవని భయం. నాకూ అదే అనుమానం, అందుకని వంట మనిషిని మాన్పించకు. మొదటి అధ్యాయం అయ్యాక కాగితం మీద పెద్ద అక్షరాల్లో అచ్చు తీయించి పంపు, ఫోనులో నేను చదవలేను. మీ పెద్దమ్మ తానే ముందు చదువుతానని ఇప్పటికే పంతం పట్టింది, కాబట్టి రెండు కాపీలు పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న